హాస్కెల్ ప్రోగ్రామర్లకు వికీ పెట్టాలంటే ఏది ఎంచుకోవాలి?

ఏ వికీ సాఫ్ట్‌వేర్ మంచిదని వెతకడం మొదలుపెట్టే ముందు రెండు సమయాలు కాగితం మీద రాసుకోండి. పేజీలో తప్పు కనబడిన మనిషి దాన్ని దిద్ది భద్రపరచడానికి ఎంతసేపు పడుతుంది? ఎవరో చెత్త పోసి వెళ్తే దాన్ని ఎత్తిపోయడానికి మీ నిర్వాహకులకి ఎంతసేపు పడుతుంది? ఒకటి తగ్గిస్తే సాధారణంగా రెండోది పెరుగుతుంది. మీడియావికీ, డోకువికీ, గిట్‌హబ్ వికీ, గిట్ రిపోలో పెట్టిన మార్క్‌డౌన్ సైటు: ఈ నాలుగూ ఆ తూకంలో నాలుగు చోట్ల నిలబడతాయి. మీ వాడుకరులు ఎవరో తెలిస్తే ఏది కావాలో చాలావరకు తేలిపోతుంది.

ఇక్కడ హాస్కెల్‌ని ముందు పెట్టుకుని మాట్లాడదాం. మీరు పెట్టబోయేది పైథాన్ వికీ కావచ్చు, రస్ట్ వికీ కావచ్చు. అయినా హాస్కెల్ మంచి గీటురాయి. దాని గుర్తులు వికీ మార్కప్‌తో అడుగడుగునా పేచీ పెట్టుకుంటాయి. దాని కంపైలర్ కొత్త వెర్షన్లు పాత కోడ్‌ని మొహమాటం లేకుండా ఆపేస్తాయి. ఆ రెండూ తట్టుకున్న ఏర్పాటు వేరే భాషకి తేలిగ్గా సరిపోతుంది.

ఒక మాట ముందే. ఫంక్షన్ల జాబితాలు, టైపు సిగ్నేచర్లు వికీలో పెట్టకండి. అవి హాస్కెల్ లైబ్రరీల భండారమైన హ్యాకేజ్‌లో ప్రతి లైబ్రరీతోపాటు వాటంతటవే తయారవుతాయి, హూగుల్ అనే వెతుకులాట సైటులో టైపు ఇచ్చి వెతికినా దొరుకుతాయి. చేత్తో రాసిన నకలు కొన్నాళ్లకే అబద్ధమైపోతుంది. వికీకి దక్కాల్సింది వేరే సరుకు: ఫలానా పొరపాటు సందేశం ఎందుకొస్తుంది, విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎక్కడ ఆగిపోతుంది, ఒకే పని చేసే మూడు లైబ్రరీల్లో ఏది ఎప్పుడు, పాత వెర్షన్ నుంచి కొత్తదానికి వెళ్తే ఏవి మార్చాలి. ఇలాంటివి ఇరవై ముప్పై పేజీలు సిద్ధంగా ఉన్నాకే తలుపు తెరవండి. ఖాళీ వికీలో మొదటి పేజీ రాయడానికి ఎవరూ ముందుకు రారు. ఉన్న పేజీలో ఒక వాక్యం దిద్దడానికి మాత్రం చాలామంది వస్తారు.

గుర్తుల పరీక్ష

ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ముందు ఒక పరీక్ష పేజీ పెట్టి, మీ భాషలోని పెంకి లైన్లు ఆరేడు అందులో వేయండి. భద్రపరిచాక బ్రౌజర్లోంచి కాపీ చేసి కంపైల్ చేయండి. కంటికి బాగుంటే చాలదు, కంపైల్ అవ్వాలి.

మీడియావికీలో వరసగా రెండు ' గుర్తులు పెడితే ఇటాలిక్ అని అర్థం. హాస్కెల్ వాళ్లేమో ఒక విలువకి కొత్త రూపం వచ్చినప్పుడల్లా పేరు చివర ఒక ' తగిలిస్తారు. రెండోసారి మారితే '' అవుతుంది. ఆ పేరుని మామూలు వాక్యంలో రాశారంటే గుర్తులు రెండూ మాయమై, అక్కణ్ణుంచి అక్షరాలు పక్కకి వాలిపోతాయి. చదివేవాడికి పాత విలువేదో కొత్త విలువేదో తెలియదు. అలాగే [[1,2]] అని రాస్తే జాబితా కాస్తా "1,2" అనే లేని పేజీకి ఎర్ర లింకు అవుతుంది. గార్డ్‌లకి (షరతునిబట్టి దారి ఎంచే లైన్లకి) వాడే నిలువు గీత | ఇంకా ప్రమాదం: మూసలో (టెంప్లేట్‌లో) పారామీటర్‌గా ఇచ్చిన కోడ్‌లో అది ఉంటే అక్కడితో పారామీటర్ తెగిపోయి, మిగతా కోడ్ పేజీలో కనబడదు. = గుర్తుతో కూడా ఇదే గొడవ. మందు ఒక్కటే. చిన్న ముక్కైనా సరే, కోడ్ అన్నది సింటాక్స్‌హైలైట్ ట్యాగులోనే ఉండాలని మొదటి రోజే నియమం పెట్టడం.

డోకువికీ పేచీ మరో రకం. అందంగా చూపించాలని అది -> ని బాణం గుర్తుగానూ, -- ని పొడుగు గీతగానూ, >> ని » గానూ మార్చేస్తుంది. మోనాడ్‌ల గురించి రాసే పేజీలో >>= కాస్తా »= అయిందంటే ఆ పేజీ ఎందుకూ పనికిరాదు. కోడ్ బ్లాకులో ఈ మార్పు జరగదు, వాక్యం మధ్యలోనే జరుగుతుంది. అక్కడ '' '' మధ్య పెడితే అక్షరం తీరు మారుతుందే గానీ గుర్తుల మార్పిడి ఆగదు; లోపల %% కూడా పెట్టాలి, అంటే ''%%>>=%%'' అని రాయాలి. కొత్తవాళ్లకి ఇది గుర్తుండదు. సహాయం పేజీలో మొదటి లైనుగా పెట్టండి.

మార్క్‌డౌన్ ఈ విషయంలో కాస్త నయం. బ్యాక్‌టిక్ మధ్య ఏం రాసినా అలాగే ఉంటుంది. కానీ హాస్కెల్‌లో ఫంక్షన్‌ని రెండు విలువల మధ్య వాడటానికి బ్యాక్‌టిక్‌లే వాడతారు కాబట్టి, అలాంటి కోడ్‌ని వాక్యంలో చూపాలంటే బయట జంట బ్యాక్‌టిక్‌లు పెట్టాలి. లిటరేట్ హాస్కెల్‌లో, అంటే వివరణ మధ్యలో కోడ్ రాసే పద్ధతిలో, ప్రతి కోడ్ లైనూ > తో మొదలవుతుంది. మార్క్‌డౌన్ దాన్ని ఉల్లేఖన అనుకుంటుంది. అలాంటి పాత ఫైళ్లు దిగుమతి చేయబోతే ముందు వాటిని కోడ్ బ్లాకులుగా మార్చుకోవాలి.

ఇక పేజీ పేర్లు. హాస్కెల్‌లో పెద్ద అక్షరంతో మొదలయ్యే మేబీ ఒక టైపు, చిన్న అక్షరంతో మొదలయ్యే మేబీ ఒక ఫంక్షన్. ఈదర్ కూడా అంతే. మీడియావికీ మామూలుగా మొదటి అక్షరాన్ని పెద్దది చేసేస్తుంది కాబట్టి రెండూ ఒకే పేజీ అవుతాయి. దీన్ని మార్చే సెట్టింగ్ ఉంది, కానీ ఖాళీ వికీలో ఉన్నప్పుడే మార్చాలి. పేజీలు పెరిగాక మారిస్తే ఉన్న పేర్లన్నిటినీ సర్దే స్క్రిప్టు నడపాలి, లింకులు సరిచూసుకోవాలి. డోకువికీ పేరు మొత్తాన్నీ చిన్న అక్షరాలు చేస్తుంది, కాబట్టి అక్కడ "మేబీ టైపు", "మేబీ ఫంక్షన్" అని విడిగా పేర్లు పెట్టుకోవడమే దారి. ఆపరేటర్ల పేర్లతో పేజీలు పెట్టాలనుకోవద్దు: మీడియావికీ, గిట్‌హబ్ వికీ రెండూ < > | గుర్తుల్ని పేజీ పేరులో ఒప్పుకోవు, మామూలు వెతుకులాట కూడా వాటిని పట్టించుకోదు. >>= కి "బైండ్" అని నోటితో పలికే పేరుంది కదా, ఆ పేర్లన్నీ ఒకే పట్టిక పేజీలో పెట్టండి.

మీడియావికీ

హాస్కెల్ అధికారిక వికీ నడుస్తున్నది దీని మీదే. ఫ్రీ పాస్కల్ వాళ్లదీ ఇదే. తప్పు చూసినవాడు నిమిషంలో దిద్దొచ్చు. చర్చా పేజీ, దారిమార్పు, వర్గాలు, ఇటీవలి మార్పులు అన్నీ పెట్టెలోనే వస్తాయి. తెలుగు వికీపీడియాలో ఒక్కసారైనా మార్పు చేసినవాళ్లకి కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. తెలుగులో పేజీలు పెట్టాలనుకుంటే యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టర్ అనే పొడిగింత (ఎక్స్‌టెన్షన్) కలుపుకోండి. వచ్చినవాళ్లు కీబోర్డు ఏర్పాటు లేకుండానే లిప్యంతరీకరణలోగానీ ఇన్‌స్క్రిప్ట్‌లోగానీ టైప్ చేయగలుగుతారు.

దీర్ఘకాల మద్దతున్న 1.43 వెర్షన్ 2024 డిసెంబరులో వచ్చింది, 2027 డిసెంబరు దాకా భద్రతా సవరణలు వస్తాయి. పీహెచ్‌పీ 8.1 గానీ ఆపైది గానీ కావాలి. కొన్ని వందల పేజీల వికీకి 2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్), మరియాడీబీ డేటాబేసు చాలు. చౌకగా దొరికే షేర్డ్ హోస్టింగ్‌లో పెట్టాలనుకుంటే ముందు ఒకటి కనుక్కోండి: కోడ్‌కి రంగులు వేసే పొడిగింత లోపల పైగ్‌మెంట్స్ అనే ప్రోగ్రాముని నడుపుతుంది, దానికి సర్వర్లో పైథాన్ 3, పీహెచ్‌పీ నుంచి బయటి ప్రోగ్రామ్ నడిపే అనుమతి రెండూ కావాలి. చాలా షేర్డ్ హోస్టింగ్‌లలో ఆ అనుమతి మూసేసి ఉంటుంది. అప్పుడు వికీ బాగానే నడుస్తుంది, కోడ్ మాత్రం నల్లగా మొద్దుగా కనబడుతుంది, పేజీలన్నీ హైలైటింగ్ లోపాల వర్గంలో చేరతాయి.

స్పామ్ గురించి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మీడియావికీ పెట్టి వదిలేసిన బృందాలు ఎక్కువగా ఇక్కడే ఓడిపోతాయి. సెట్టింగులు ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తే ఖాతా లేనివాళ్లు కూడా రాయొచ్చు. మొదటి రోజే అది మూసేయండి. తర్వాత ఖాతా తెరిచే చోట ప్రశ్నల క్యాప్చా పెట్టండి. బొమ్మల క్యాప్చాలకంటే మీ భాషకి సంబంధించిన ప్రశ్న బాగా పనిచేస్తుంది. "హాస్కెల్ ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే రెండక్షరాలేవి?" అన్నది హాస్కెల్ నేర్చుకునేవాళ్లకి అరక్షణం పని. జవాబు బాట్‌లకి తెలిసిపోయిందని అనుమానం వస్తే ప్రశ్న మార్చడం రెండు నిమిషాల పని. ఆపైన, కొత్త ఖాతా వెంటనే బయటి లింకులు పెట్టకుండా ఆపాలి. ఆటోకన్ఫర్మ్ కావడానికి, అంటే ఖాతా కొత్తదనే లెక్కలోంచి దానంతటదే బయటపడటానికి, నాలుగు రోజులు, పది మార్పులు అని ఇంగ్లీషు వికీపీడియా పెట్టుకుంది. మీడియావికీలో మాత్రం మొదట రెండూ సున్నాలే ఉంటాయి, మీరే మార్చాలి. అవి మార్చాక, ఆటోకన్ఫర్మ్ కానివాళ్లు బయటి లింకు కలిపితే తిరస్కరించమని దుర్వినియోగ వడపోత (అబ్యూస్ ఫిల్టర్) పొడిగింతలో ఒక నియమం రాయండి. ఇంతా చేసినా ఒక రాత్రి వంద చెత్త పేజీలు పడితే న్యూక్ పొడిగింతతో ఒక ఖాతా సృష్టించినవన్నీ ఒకేసారి తొలగించొచ్చు. అది ఇటీవలి మార్పుల పట్టీ మీద ఆధారపడుతుంది, ఆ పట్టీ మామూలుగా 90 రోజులే నిలవ ఉంటుంది. కాబట్టి మూడు నెలలు ఎవరూ చూడకపోతే ఒక్కో పేజీ చేత్తో తీసేయాల్సిందే.

ఇవన్నీ చూసుకోవడానికి మనుషులు లేకపోతే చివరి మార్గం ఖాతాల్ని అడిగినవాళ్లకే ఇవ్వడం. హాస్కెల్ వికీ స్పామ్ భరించలేక అదే చేసింది. నిర్వాహకుడికి మెయిల్ రాస్తే ఆయన ఖాతా తెరుస్తారు. పైథాన్ వికీలో రాయాలన్నా సంపాదకుల గుంపులో చేర్చమని అడగాల్సి వచ్చేది. చెత్త ఆగుతుంది. కానీ తప్పు దిద్దే సమయం నిమిషం నుంచి రెండు మూడు రోజులకి పోతుంది, ఒక అక్షరదోషం కోసం అంత ఆగేవాళ్లు ఉండరు. ఖాతా అడిగినవాళ్లకి 24 గంటల్లో ఇచ్చే మనిషి ఉంటేనే ఈ దారి పట్టండి.

క్రాలర్ల (సైట్లలో తిరిగి పేజీలు పోగేసే బాట్‌ల) భారం కూడా లెక్కలో వేసుకోండి. 500 పేజీలుండి ఒక్కో దానికి 20 కూర్పులుంటే, ఏ రెండు కూర్పుల మధ్య తేడా చూపే పేజీలు దాదాపు 95,000 అవుతాయి. అవన్నీ అప్పటికప్పుడు తయారయ్యేవే, కాబట్టి మామూలు క్యాష్ కాపాడదు. ఏఐ కోసం పాఠ్యం పోగేసే బాట్‌లలో చాలావి రోబోట్స్ ఫైలుని పట్టించుకోవు. చరిత్ర, తేడా పేజీలు లాగిన్ అయినవాళ్లకే కనబడేట్టు సర్వర్ స్థాయిలోనే అడ్డం పెట్టండి. 2 జీబీ యంత్రానికి అదే ప్రాణరక్షణ.

డోకువికీ

డేటాబేసు లేదు. ప్రతి పేజీ ఒక టెక్స్ట్ ఫైలు, పాత కూర్పులు వేరే ఫోల్డర్లో కుదించి ఉంటాయి. ఫోల్డరు కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టే. సర్వర్ల పని తెలిసినవాళ్లు ఒక్కరే ఉండి, ఆయనకీ తీరిక తక్కువైతే ఇది నమ్మదగిన ఎంపిక. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త.

పేజీలున్న డేటా ఫోల్డరు బయటి నుంచి తెరుచుకోకూడదు. అపాచీ వాడితే దానితో వచ్చే అడ్డుకట్ట ఫైలే చాలు. ఎన్‌జిన్‌ఎక్స్ ఆ ఫైలుని చదవనే చదవదు; నియమం మీరే రాయాలి. ఇన్‌స్టాల్ అయ్యాక డేటా ఫోల్డర్లోని ఒక ఫైలు చిరునామా బ్రౌజర్లో కొట్టి చూడండి, నిరాకరించిందంటేనే ముందుకెళ్లండి.

రెండోది తెలుగు పేర్లకి సంబంధించింది. డోకువికీ ఫైలు పేర్లని మామూలుగా యూఆర్ఎల్ సంకేతాల్లో రాస్తుంది. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తు, అంటే హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి చొప్పున, తొమ్మిది బైట్లు తింటుంది. లినక్స్‌లో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు. పాత కూర్పు ఫైలుకి తేదీ సంఖ్య, పొడిగింపు కలిసి 18 పోతాయి. మిగిలేది 26 గుర్తులు. "హాస్కెల్ పొరపాటు సందేశాలు" పడుతుంది, మధ్యలో "కంపైలర్" అన్న మాట చేరిస్తే పట్టదు. ఫైలు పేర్ల సంకేతం యూటీఎఫ్-8 కి మారిస్తే దాదాపు మూడింతలు చోటొస్తుంది, కానీ మొదటి తెలుగు పేజీ సృష్టించకముందే మార్చాలి. మీడియావికీలో ఈ ఇబ్బంది లేదు. పేరు 85 గుర్తుల దాకా పోవచ్చు.

గిట్‌హబ్ వికీ

ఖర్చు లేదు, సర్వర్ లేదు, ఐదు నిమిషాల్లో మొదలవుతుంది. ఒక లైబ్రరీకి నాలుగైదు పేజీల నోట్సు కోసమైతే ఇది చాలు. భాష మొత్తానికి వికీగా మాత్రం వద్దు. కారణం వెతుకులాట. రిపోకి 500 నక్షత్రాలుండి, బయటివాళ్లు రాయకుండా మూసేసి ఉంటేనే సెర్చ్ ఇంజన్లు ఆ వికీని సూచికలో చేర్చుకుంటాయని గిట్‌హబ్ నియమం. అంటే కొత్తగా పెట్టిన వికీ గూగుల్లో దొరకదు. దొరికే స్థాయికి వచ్చాక బయటివాళ్లు దిద్దలేరు. పైగా వికీ వేరే గిట్ రిపో అయినా దానికి పుల్ రిక్వెస్టులుండవు, కాబట్టి మార్పుని ముందే సమీక్షించే దారి లేదు. గో భాష వికీ చాలా ఏళ్లు గిట్‌హబ్ మీదే ఉండి, తర్వాత ఆ భాష సొంత సైటుకి మారింది. ఇప్పుడక్కడ పేజీ మార్పులు కోడ్ మార్పుల్లాగే సమీక్షకి వెళ్తాయి.

గిట్‌లో మార్క్‌డౌన్ సైటు

మార్క్‌డౌన్ ఫైళ్లని వెబ్‌సైటుగా మార్చే ఎమ్‌కేడాక్స్ గానీ ఎమ్‌డీబుక్ గానీ తీసుకుని పేజీలన్నీ మామూలు రిపోలో పెట్టడం. వచ్చేది స్టాటిక్ హెచ్‌టీఎమ్‌ఎల్, కాబట్టి క్రాలర్లు ఎంత తాకినా ఫర్వాలేదు. స్పామ్ ఉన్నా పుల్ రిక్వెస్టు దగ్గరే ఆగిపోతుంది. మూల్యం దిద్దేవాడు చెల్లిస్తాడు: ఫోర్కు, కమిట్, రిక్వెస్టు, ఎదురుచూపు. గిట్ అలవాటున్నవాడికి ఐదు నిమిషాలు, లేనివాడికి ఆ పూటంతా. రిక్వెస్టు రెండు వారాలు పడి ఉంటే రాసినవాడు మళ్లీ రాడు. అందుకే అక్షరదోషాలు, చచ్చిన లింకులు ఎవరు చూస్తే వాళ్లు అప్పుడే కలిపేయాలి. మిగతావి మూడు రోజుల్లో తేల్చాలి. ఆ మాట నిలబెట్టుకోవడానికి కనీసం ముగ్గురు సమీక్షకులుండాలి.

ఇంత ఇబ్బందికీ ప్రతిఫలంగా దొరికేది చాలా విలువైనది: పేజీలోని కోడ్‌ని యంత్రంతో పరీక్షించొచ్చు. భాషా వికీలకి అసలు జబ్బు పాతబడిన కోడ్. 2015లో హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 7.10 వచ్చినప్పుడు అప్లికేటివ్ ఇన్‌స్టన్స్ లేకుండా మోనాడ్ ఇన్‌స్టన్స్ రాస్తే చెల్లదన్నారు. అప్పటిదాకా పార్సర్ రాయడం నేర్పిన పాఠాల్లో చాలావాటి కోడ్ ఒక్కసారిగా కంపైల్ కావడం మానేసింది. 2018లో 8.4 తో సెమీగ్రూప్, మోనాయిడ్‌ల దగ్గర మళ్లీ అదే కథ. కొత్తగా నేర్చుకునేవాడు ఆ పాఠంలోని లైన్లు ఉన్నదున్నట్టు కొట్టి, ఎర్ర సందేశం చూసి, తప్పు తనదే అనుకుంటాడు. వికీ చేసే అతి పెద్ద ద్రోహం అది.

గిట్ సైటులో దీనికి మార్క్‌డౌన్-అన్‌లిట్ అనే ప్రీప్రాసెసర్ ఉంది. మార్క్‌డౌన్ ఫైలులోని హాస్కెల్ బ్లాకుల్ని మాత్రం తీసి కంపైలర్‌కి ఇస్తుంది. ప్రతి రిక్వెస్టుకీ, వారానికోసారి దానంతటదీ, రెండు మూడు జీహెచ్‌సీ వెర్షన్లతో నడిపించండి. ఎమ్‌డీబుక్‌లో ఉన్న పరీక్ష ఆదేశం రస్ట్ కోడ్‌కే పనిచేస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. మీడియావికీలో ఇంత సులువు కాదు. అక్కడ ఒక మూస చేయండి: "ఈ కోడ్ జీహెచ్‌సీ ఫలానా వెర్షన్‌తో ఫలానా తేదీన పరీక్షించారు". ఆ మూసే పేజీని వెర్షన్ పేరున్న వర్గంలో చేర్చాలి. కొత్త కంపైలర్ వచ్చిన రోజు పాత వర్గం తెరిస్తే చేయాల్సిన పని జాబితా అక్కడే ఉంటుంది.

మన భాషలోనే రాసిన వికీ వాడితే?

ఈ కోరిక ప్రతి భాష వాళ్లకీ పుడుతుంది. పైథాన్ వాళ్లు పైథాన్‌లో రాసిన మొయిన్‌మొయిన్ పెట్టుకున్నారు, టీసీఎల్ వాళ్లు వికిట్, ఈమాక్స్ వికీ పెర్ల్‌లో రాసిన ఆడ్‌మ్యూజ్ మీద నడుస్తుంది. హాస్కెల్‌లోనూ పాన్‌డాక్ కర్త జాన్ మెక్‌ఫార్లేన్ రాసిన గిటిట్ ఉంది. అభిమానం అర్థమవుతుంది. టీసీఎల్ వికీ రెండు దశాబ్దాలు దాటి బతికే ఉందంటే దాని సాఫ్ట్‌వేర్‌ని కనిపెట్టుకుని ఉన్న మనుషులున్నారు కాబట్టి. మొయిన్‌మొయిన్ 1.9 శ్రేణి మాత్రం పైథాన్ 2 మీదే నిలిచిపోయింది. ఆ పైథాన్‌కి 2020 జనవరి 1తో కాలం తీరింది. వికీ ఇంజన్‌ని బాగుచేయగల ఇద్దరు మీలో లేకపోతే లక్షలమంది వాడే ఇంజనే మేలు.

కాబట్టి మా సలహా ఇది. రాసేవాళ్లంతా రోజూ గిట్ వాడేవాళ్లే అయితే, సమీక్షకులు ముగ్గురుంటే మార్క్‌డౌన్ సైటు. నేర్చుకునేవాళ్ల చేత కూడా రాయించాలంటే, ముఖ్యంగా తెలుగులో, మీడియావికీ. సర్వర్ చూసుకునే ఓపిక లేకపోతే మిరాహెజ్ లాంటి ఉచిత మీడియావికీ హోస్టింగ్. ఒకే పనిని ఎన్నో భాషల కోడ్‌లో చూపే రోసెట్టా కోడ్ అంతటి పెద్ద వికీయే అక్కడికి మారింది. పది పదిహేనుమంది చిన్న బృందానికి డోకువికీ.

లైసెన్సు, బ్యాకప్

లైసెన్సు మొదటి పేజీకంటే ముందే రాయాలి. హాస్కెల్ తొలి వికీ మొయిన్‌మొయిన్ మీద ఉండేది, అందులో పాఠ్యానికి లైసెన్సు చెప్పలేదు. మీడియావికీకి మారేటప్పుడు రాసినవాళ్లు ఒప్పుకున్న పేజీలే తరలించాల్సి వచ్చింది, మిగతావి ఎంత మంచివైనా తీసుకోలేకపోయారు. వ్యాసాలకి సీసీ బై-ఎస్ఏ 4.0 పెట్టినా కోడ్ ముక్కలకి వేరే చెప్పండి: బీఎస్‌డీ లైసెన్సున్న ప్రోగ్రాములో ఐదు లైన్లు కాపీ చేసుకునేవాడు ఇబ్బంది పడకూడదు. పేరు చెప్పాల్సిన అవసరం కూడా లేని ఎమ్ఐటీ-0 దానికి సరిపోతుంది. ఈ మాట భద్రపరచు బొత్తాం పక్కనే కనబడాలి.

బ్యాకప్ ఎక్కడ ఉంచాలన్నది పైథాన్ వికీకి జరిగిన దాన్నిబట్టి తెలుస్తుంది. 2012 డిసెంబరు చివర్లో మొయిన్‌మొయిన్‌లోని ఒక రంధ్రం గుండా ఎవరో చొరబడి, వికీ నడిచే ఖాతాకి చెందిన ఫైళ్లన్నీ తుడిచేశారు. పైథాన్, జైథాన్ వికీల డేటా రెండూ ఆ ఖాతా కిందే ఉన్నాయి. వికీ ఏ ఖాతాతో నడుస్తుందో ఆ ఖాతాకి రాయగలిగే హక్కున్న చోట ఉన్న బ్యాకప్ బ్యాకప్ కాదు. వేరే యంత్రమే వచ్చి లాక్కునేట్టు పెట్టండి.

మీడియావికీలో మూడూ తీసుకోవాలి: డేటాబేసు డంపు, బొమ్మల ఫోల్డరు, లోకల్‌సెట్టింగ్స్ ఫైలు. ఎక్స్ఎమ్ఎల్ డంపు ఒక్కటే ఉంచుకుంటే పేజీలు, చరిత్ర వస్తాయి గానీ ఖాతాలూ పాస్‌వర్డ్‌లూ రావు. రోజువారీవి 14, నెలవారీవి 6 నిలవ ఉంచితే చాలు. మూడు నెలలకోసారి ఖాళీ యంత్రంలో ఆ మూడింటితో వికీని మళ్లీ లేపి, పరీక్ష పేజీ తెరిచి, '' ఉన్న ఆ లైను కాపీ చేసి కంపైల్ అవుతుందో లేదో చూడండి.